ఐరాస మహిళా సదస్సుకు వాలంటీర్ డెలిగేట్‌గా వెళ్తే మన మాట ఎంతదూరం పోతుంది?

2019 మార్చి చివర్లో న్యూయార్క్ నుంచి తిరిగొచ్చాక, మొదటి ఆదివారం హైదరాబాద్ బోరబండలో ఇంటిపని చేసే ఆడవాళ్ల మీటింగుకు వెళ్లాను. చాపలు పరుచుకుని ఓ పాతికమంది కూర్చున్నారు. ఇంకా టీలు కూడా రాలేదు, ముందు వరసలో ఉన్న పెద్దావిడ అడిగేసింది: "ఏం బిడ్డా, ఆడ మా ముచ్చట చెప్పినవా? వాళ్లేమన్నరు?"

మొదటి ప్రశ్నకు చెప్పానన్నాను. రెండోదానికి జవాబు ఒక్క ముక్కలో వచ్చేది కాదు. అసలక్కడ ఎవరు ఎవరితో మాట్లాడతారు, ఎవరి మాట కాగితమెక్కుతుంది, ఆ కాగితానికి ఉన్న బలమెంత అన్నది తెలిస్తే తప్ప "వాళ్లేమన్నరు" అన్నది అర్థం కాదు. ఆ తర్వాత కూడా, వెళ్లాలనుకుంటున్న అమ్మాయిలు చాలామంది ఇవే ప్రశ్నలతో ఫోన్లు చేశారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ సదస్సు పేరు ఐక్యరాజ్యసమితి మహిళల స్థితిగతుల కమిషన్. అందరూ సీఎస్‌డబ్ల్యూ అంటారు. 1946 జూన్‌లో ఏర్పడింది. మొదటి సమావేశం 1947 ఫిబ్రవరిలో న్యూయార్క్ దగ్గరి లేక్ సక్సెస్‌లో జరిగింది. 15 దేశాల ప్రతినిధులు వచ్చారు, అందరూ ఆడవాళ్లే. మనకు స్వాతంత్ర్యం రావడానికి ఇంకా ఆరు నెలలుంది, అయినా ఆ పదిహేనుమందిలో మన దేశం తరఫున బేగం షరీఫా హమీద్ అలీ ఉన్నారు. ఇప్పుడు కమిషన్‌లో 45 సభ్య దేశాలున్నాయి. నాలుగేళ్ల పదవీకాలం, ఖండాల వారీగా కోటా. ఏటా మార్చిలో దాదాపు రెండు వారాలు కూర్చుంటుంది.

ఇక 'డెలిగేట్' అనే మాట. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మన ఊళ్లో ఎవరైనా "ఐరాసకు డెలిగేట్‌గా వెళ్తున్నారట" అంటే దేశం తరఫున మాట్లాడటానికి వెళ్తున్నారనుకుంటారు. ఆ భవనంలో రెండు రకాల డెలిగేట్లుంటారు. ఒకరు ప్రభుత్వ ప్రతినిధులు: మంత్రులు, దౌత్యాధికారులు. తీర్మానం మీద బేరాలాడేదీ, ఒప్పుకునేదీ, అడ్డుపడేదీ వాళ్లే. రెండోవాళ్లు మనలాంటివాళ్లు, స్వచ్ఛంద సంస్థల తరఫున వెళ్లేవాళ్లు. ఎన్జీవో డెలిగేట్ అంటారు. (మన దగ్గర ఎన్జీవో అంటే ప్రభుత్వోద్యోగుల సంఘం గుర్తొస్తుంది, అది వేరు.) మనకు ఓటు లేదు. అసలు బేరం జరిగే గదిలోకి ప్రవేశమూ లేదు. ఈ సంగతి ముందే తెలుసుకుని వెళ్తే చేయగలిగింది చాలా కనిపిస్తుంది. తెలియకుండా వెళ్తే మొదటి మూడు రోజులు నిరాశలోనే గడిచిపోతాయి.

నేను సొంతంగా వెళ్లలేదు, అలా వెళ్లడం కుదరదు కూడా. ఐరాస చార్టర్‌లోని 71వ అధికరణ ప్రకారం, ఆర్థిక సామాజిక మండలి కొన్ని సంస్థలకు 'సంప్రదింపుల హోదా' ఇస్తుంది. ఆ హోదా ఉన్న సంస్థ మన పేరు పంపాలి. అలాంటివి ప్రపంచం మొత్తం మీద ఆరు వేలకు పైనే ఉన్నాయి. మా చిన్న సంఘానికి హోదా లేదు. మేం సభ్యులుగా ఉన్న ఒక పెద్ద సమాఖ్యకు ఉంది, వాళ్ల కోటాలో నా పేరు వెళ్లింది. ఎక్కువమంది వాలంటీర్లు వెళ్లే దారి ఇదే.

ఈ హోదా దొరకడం కూడా రాజకీయమే. దరఖాస్తులను పరిశీలించే కమిటీలో 19 దేశాల ప్రభుత్వాలుంటాయి. ఏ దేశమైనా ప్రశ్న వేస్తే దరఖాస్తు తర్వాతి సమావేశానికి వాయిదా పడుతుంది. కుల వివక్ష మీద పనిచేసే అంతర్జాతీయ దళిత సంఘీభావ నెట్‌వర్క్ దరఖాస్తు ఇలాగే దాదాపు 15 ఏళ్లు నలిగింది. ఏటేటా ప్రశ్నలు వేస్తూ వచ్చింది మన దేశమే. ప్రశ్నల సంఖ్య వంద దాటింది. చివరికి 2022 డిసెంబర్‌లో హోదా వచ్చింది. దళిత మహిళల గొంతు ఐరాసలో ఎందుకు తక్కువగా వినిపిస్తుందని అడిగేవాళ్లకు నేను ముందు ఈ సంగతే చెబుతాను. లోపలికి ఎవరొస్తారన్నది గుమ్మం దగ్గరే తేలిపోతోంది.

రెండో గుమ్మం వీసా. రిజిస్ట్రేషన్ ఖరారైన ఉత్తరం చేతిలో ఉన్నా, అమెరికా కాన్సులేట్‌లో మామూలు విజిటర్ వీసా ఇంటర్వ్యూకు నిలబడాల్సిందే. 1947లో ఐరాసకూ అమెరికాకూ కుదిరిన ప్రధాన కార్యాలయ ఒప్పందంలోని 11వ సెక్షన్ ప్రకారం, సంప్రదింపుల హోదా ఉన్న సంస్థల ప్రతినిధుల రాకపోకలకు అమెరికా ఆటంకం కలిగించకూడదు. కాగితం మీద మాట అది. ఆచరణలో ఆఫ్రికా, ఆసియా దేశాల నుంచి బయల్దేరే ఆడవాళ్లు చాలామంది వీసా కిటికీ దగ్గరే ఆగిపోతున్నారు. పెళ్లికాని, ఆస్తిపాస్తులు లేని, స్థిరమైన జీతం లేని మహిళ "నేను తిరిగొస్తాను" అని నిరూపించుకోవడం కష్టం. ఎవరి గురించి ఆ సదస్సు జరుగుతోందో, కాగితాలు చూపించలేనిది వాళ్లే.

ఖర్చు సంగతి సూటిగా చెప్పేస్తాను. ఐరాస రిజిస్ట్రేషన్‌కు రుసుమేమీ లేదు. అలాగే విమాన ఖర్చులు, బస ఐరాస ఇవ్వదు. "అంతర్జాతీయ మహిళా సదస్సుకు మీరు ఎంపికయ్యారు, ఫీజు కట్టండి" అని మెయిల్ వస్తే అది మోసమే అనుకోండి. న్యూయార్క్‌లో హోటల్ మనబోటివాళ్ల వల్ల కాదు. నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా పిన్ని కూతురింట్లో ఉండి, రోజూ పొద్దున్నే రైల్లో పెన్ స్టేషన్‌కు వెళ్లేదాన్ని. తెలుగు కుటుంబాలు అక్కడ బాగా ఉన్నాయి. మన సంఘాలు ముందుగా మాట్లాడి పెట్టుకుంటే ఇంకో నలుగురు వెళ్లగలుగుతారు.

మొదటి రోజు ఫస్ట్ అవెన్యూలో పాస్ కోసం లైన్లో నిలబడ్డాను. నది మీది నుంచి కొట్టే చలిగాలికి చెవులు మొద్దుబారిపోయాయి. నా ముందు కెన్యా నుంచి వచ్చిన నర్సు, వెనకాల ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కాలేజీ అమ్మాయి. ఆ ఏడాది మాలాంటి వాళ్లు 5 వేలకు పైగా నమోదయ్యారు. మెడలో ఫొటో బ్యాడ్జి పడగానే అన్ని తలుపులూ తెరుచుకోవు. ముఖ్యమైన హాళ్లకు విడిగా టికెట్‌లాంటి పాసులుంటాయి, సంస్థకు ఇన్నని ఇస్తారు. లోపల ప్రతి సీటుకూ ఇయర్‌ఫోన్ ఉంటుంది. తిప్పితే ఆరు భాషలొస్తాయి: ఇంగ్లీషు, ఫ్రెంచ్, స్పానిష్, రష్యన్, చైనీస్, అరబిక్. ఇంగ్లీషు రాని మన ఊరి ఆడమనిషి అక్కడికి చేరినా, చెప్పేది వినడానికే పక్కన ఒక మనిషి కావాలి. వాలంటీర్లు చేయగల మంచి పని ఇక్కడే ఒకటుంది. నాతోపాటు వచ్చిన బీహార్ పంచాయతీ సభ్యురాలి పక్కన కూర్చుని నాకు వచ్చిన హిందీలో చెవిలో చెబుతూ పోయాను. రెండు వారాల్లో నేను చేసినవాటిలో తృప్తినిచ్చిన పని అదే.

కార్యక్రమాల్లో రెండు రకాలున్నాయి, పేర్లు దగ్గరగా ఉండటంతో తికమక పడతాం. భవనం లోపల ప్రభుత్వాలు, ఐరాస సంస్థలు పెట్టేవి సైడ్ ఈవెంట్లు. రోడ్డుకు అటువైపు చర్చ్ సెంటర్‌లో, చుట్టుపక్కల హాళ్లలో స్వచ్ఛంద సంస్థలు పెట్టేవి పారలల్ ఈవెంట్లు. ఇవి వందల్లో జరుగుతాయి, ఐరాస పాస్ లేనివాళ్లు కూడా రావచ్చు. లోపలివి బాగా అలంకరించినట్టుంటాయి, మంత్రులు తమ పథకాల గొప్పలు చెబుతారు. నేర్చుకునేది ఎక్కువగా రోడ్డుకు అటువైపే. ఇంటిపనివాళ్ల సంఘాన్ని ఎలా రిజిస్టర్ చేయించుకున్నారో, యజమానులతో రాతపూర్వక ఒప్పందం ఎలా చేసుకున్నారో లాటిన్ అమెరికా మహిళలు చెబుతుంటే నోట్‌బుక్ సగం నిండిపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రతి ఏటా ఒక ప్రధాన అంశం ఉంటుంది. మేం వెళ్లిన ఏడు అది సామాజిక భద్రత, ప్రజా సేవలు, మౌలిక వసతులు. రెండు వారాల చివర దాని మీద 'అంగీకృత నిర్ణయాలు' అనే పత్రం వెలువడాలి. ముసాయిదా కొన్ని వారాల ముందే బయటికొస్తుంది. దాన్ని పట్టుకుని దేశాలు పేరా పేరాకీ, మాట మాటకీ కొట్లాడతాయి. ఒప్పుకోని మాట చుట్టూ చదరపు బ్రాకెట్లు పెడతారు. రోజులు గడిచేకొద్దీ బ్రాకెట్లు పెరుగుతాయి, చివరి రాత్రుల్లో ఒక్కొక్కటే రాలిపోతాయి. సాధారణంగా అందరూ ఒప్పుకుంటేనే పత్రం, ఓటింగు కాదు. అందుకే ఒక్క మొండి దేశం కూడా ఒక మాటను తీయించగలదు.

ఒక్క మాట కోసం ఇంత గొడవెందుకని అప్పట్లో నాకూ అనిపించింది. దీనికి ఒక ఉదాహరణ ఉంది, నేను ఎక్కడికి వెళ్లినా చెప్పేది. మహిళలపై హింసను రూపుమాపాలంటూ ఐరాస సర్వసభ్య సభ 1993లో ఒక ప్రకటన చేసింది. అందులో ఒక వాక్యం: హింసను నిర్మూలించే బాధ్యత నుంచి తప్పించుకోవడానికి ప్రభుత్వాలు ఆచారాన్నో, సంప్రదాయాన్నో, మతాన్నో సాకుగా చూపకూడదని. పదేళ్ల తర్వాత, 2003 సీఎస్‌డబ్ల్యూలో అదే మాటను మళ్లీ రాద్దామంటే కొన్ని దేశాలు ఒప్పుకోలేదు. హింస అంశం మీద ఆ ఏడాది పత్రమే రాలేదు. ఇంకో పదేళ్లు గడిచాయి. 2013లో మళ్లీ హింసే ప్రధాన అంశమైంది. ఈసారి ఆడవాళ్ల సంఘాలు నెలల ముందు నుంచే తమ తమ రాజధానుల్లో పట్టుబట్టాయి. ఆచారం, సంప్రదాయం, మతం సాకు కాదన్న మాట పత్రంలో నిలబడింది.

ఆ వాక్యం మనకెందుకంటారా? తెలంగాణ పల్లెల్లో జోగినీ వ్యవస్థ మీద పనిచేసినవాళ్లను అడగండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లోనే దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. అయినా ఊళ్లోకి వెళ్తే మొదట వినిపించేది "ఇది మా ఆచారం" అన్న మాటే. బాల్య వివాహాన్ని ఆపబోతే వినిపించేదీ అదే. ఆచారం సాకు కాదని ప్రపంచ దేశాలన్నీ సంతకం పెట్టినంత పని చేశాయంటే, అధికారి ముందు కూర్చున్న మన కార్యకర్త గొంతు కొంచెం గట్టిపడుతుంది.

మాటల విలువ తెలిసిన మనిషి మనకు మొదట్లోనే ఉన్నారు. మానవ హక్కుల విశ్వజనీన ప్రకటన రాస్తున్నప్పుడు మొదటి అధికరణలో 'ఆల్ మెన్' అని ఉన్న చోట 'ఆల్ హ్యూమన్ బీయింగ్స్' అని మార్పించింది మన దేశ ప్రతినిధి హంసా మెహతా. 1948 నుంచి లోకమంతా చదువుతున్నది ఆవిడ పట్టుబట్టి పెట్టించిన మాటనే.

ప్రతిసారీ పత్రం వస్తుందన్న హామీ మాత్రం లేదు. 2012లో ప్రధాన అంశం గ్రామీణ మహిళలు. పొలం పనుల్లో సగానికి పైగా భారం మోసే మన ఆడవాళ్లకు అంతకన్నా దగ్గరి అంశం ఏముంటుంది? ఆ ఏడాది కూడా దేశాలు తెగేదాకా లాగాయి, పత్రం రాలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. 2019లో చర్చలు నడిపిన కెన్యా దౌత్యవేత్త కోకి ములి ఫోన్‌కైతే వేధింపు మెసేజ్‌లు వేలల్లో వచ్చి పడ్డాయి. హక్కుల వ్యతిరేకులు కూడా ఎన్జీవో బ్యాడ్జీలతోనే ఆ భవనంలో తిరుగుతారు. వాళ్లు బాగా తయారై వస్తారు, ఏ పేరాలో ఏ మాట తీయించాలో వాళ్లకు తెలుసు. ప్రిపేర్ కాకుండా వెళ్లే మనవాళ్లు ఇది గమనించాలి.

గదిలోకి రానివ్వరన్నాను కదా, మరి మనం చేసేదేమిటి? ముఖ్యమైన పని సదస్సుకు ముందే ఉంది. హోదా ఉన్న సంస్థలు కొన్ని నెలల ముందే రాతపూర్వక ప్రకటన పంపవచ్చు. హోదా రకాన్ని బట్టి 1,500 లేదా 2,000 పదాలకు మించకూడదు. అది ఐరాస అధికారిక పత్రంగా నమోదవుతుంది. ముసాయిదా రాగానే దాన్ని చదివి, మనకు కావాల్సిన మార్పును వాళ్ల భాషలోనే, ఏ పేరాలో ఏ మాట చేర్చాలో రాసివ్వాలి. "ఇంటిపనివాళ్లను పట్టించుకోండి" అంటే ఎవరికీ ఉపయోగపడదు. "ఫలానా పేరాలో 'అందరు కార్మికులు' తర్వాత 'ఇంటిపనివారు సహా' అని చేర్చండి" అంటే అధికారికి పని తేలికవుతుంది. సభలో మాట్లాడే అవకాశం ఎన్జీవోలకు కొద్దిమందికే వస్తుంది, మూడు నిమిషాలు. అప్పటికి పత్రం సగం కుదిరిపోయి ఉంటుంది.

సదస్సు జరిగేటప్పుడు మనకు దొరికేది కారిడార్. బేస్‌మెంట్‌లో వియన్నా కెఫే అని ఒక చోటుంది. చర్చల గదుల్లోంచి బయటికొచ్చిన దౌత్యాధికారులు కాఫీకి అక్కడికే వస్తారు. ఎన్జీవోవాళ్లు ల్యాప్‌టాప్‌లు ముందేసుకుని కాచుకుని ఉంటారు. మన దేశ శాశ్వత ప్రతినిధి కార్యాలయం 43వ వీధిలో, నడిచిపోయే దూరంలోనే ఉంది. మేం ముగ్గురం ఒక సైడ్ ఈవెంట్ అయ్యాక మన బృందంలోని ఒక అధికారిని ఆపి ఒక పేజీ ఇచ్చాం. నాలుగు నిమిషాలు నిలబడి విన్నారు. ఇంటిపనివాళ్ల కోసం 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 189వ ఒడంబడికకు భారత్ అనుకూలంగా ఓటేసింది, కానీ ఇంతవరకు ఆమోదించలేదు. ఆ పేజీలో మొదటి వాక్యం అదే. ఆయన దాన్ని రెండోసారి చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. అంతకు మించి ఏం జరిగిందో నాకు తెలిసే దారి లేదు.

మార్చి 22న పత్రం వచ్చింది. జీతం లేని ఇంటి చాకిరీనీ సంరక్షణ పనినీ గుర్తించాలని, తగ్గించాలని, పంచుకోవాలని అందులో ఉంది. అనధికార పని నుంచి అధికారిక పనికి మారేందుకు సామాజిక భద్రత తోడ్పడాలని ఉంది. మేమడిగినవన్నీ లేవు.

పత్రం వస్తే ఏమవుతుంది? దానికి చట్టబద్ధమైన బలం లేదు, ఏ ప్రభుత్వం మీదా కేసు వేయలేం. ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోయి "అయితే దండగే కదా" అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఇలాంటి కాగితం కోర్టు దాకా నడిచిన దారి మన దేశంలోనే ఉంది. 1992లో రాజస్థాన్‌లోని భటేరి అనే ఊళ్లో బాల్య వివాహాన్ని ఆపబోయిన సాథిన్ (ఆడవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఊరి కార్యకర్త) మీద సామూహిక అత్యాచారం జరిగింది. పని చేసినందుకే ఆమెకు ఆ శిక్ష. పనిచేసే చోట ఆడవాళ్లకు రక్షణ కావాలని సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. దానికి అప్పటికి మన చట్టమేదీ లేదు. 1997 ఆగస్టు 13న ఇచ్చిన విశాఖ తీర్పులో కోర్టు రెండు కాగితాలను ఆధారం చేసుకుంది. ఒకటి, మహిళలపై అన్ని రకాల వివక్షను నిర్మూలించే ఐరాస ఒడంబడిక సీడా. మన దేశం దాన్ని 1993లో ఆమోదించింది. రెండోది, 1995 బీజింగ్ ప్రపంచ మహిళా సదస్సులో మన ప్రభుత్వం ఇచ్చిన మాట. ఈ తీర్పు పేరు చూసి మన విశాఖపట్నం అనుకునేవాళ్లున్నారు. అది పిటిషన్ వేసిన ఒక సంస్థ పేరు.

ఆ బీజింగ్‌లో కూడా వాలంటీర్ల పరిస్థితి ఇలాంటిదే. 189 ప్రభుత్వాలు నగరంలో కూర్చుంటే, ముప్పై వేల మంది కార్యకర్తలకు యాభై కిలోమీటర్ల అవతల హువాయ్‌రౌలో చోటిచ్చారు. వానలో, బురదలో, టెంట్ల కింద వాళ్లు మాట్లాడుకున్నారు. మన దేశం నుంచి రూత్ మనోరమ లాంటివాళ్లు దళిత మహిళల మాటను మోసుకెళ్లారు.

పనిచేసే చోట లైంగిక వేధింపులు ఆపడానికి విశాఖ తీర్పులో కోర్టు పెట్టిన మార్గదర్శకాలు పదహారేళ్లకు, 2013లో చట్టమయ్యాయి. పోష్ చట్టం అంటారు. ఆ చట్టంలో 'పనిచేసే చోటు' అంటే ఆఫీసు, ఫ్యాక్టరీలే కాదు, ఇల్లు కూడా. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదులు తీసుకునే ఇంటర్నల్ కమిటీ ఉండాలి. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు ఎక్కడికి వెళ్లాలి? ప్రతి జిల్లాకూ ఉండాల్సిన లోకల్ కమిటీకి.

బోరబండలో ఆ ఆదివారం నేను చివరికి వచ్చింది ఇక్కడికే. న్యూయార్క్ వాళ్లు ఏమన్నారో చెప్పడం మొదలుపెట్టి, భటేరి ఊరి సాథిన్ కథ చెప్పి, ఇల్లు కూడా పనిచేసే చోటేనని చట్టంలో ఉందన్నాను. హాలు కాసేపు నిశ్శబ్దమైపోయింది. అప్పటిదాకా నోరు విప్పని ఇరవై ఏళ్ల అమ్మాయి ఒకతి గోడకు ఆనుకుని కూర్చునే అడిగింది: "అక్కా, గా కమిటీ ఏడుంటది? మేం చెప్తే రాసుకుంటరా?"

ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలని, జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలని, రాయలేని వాళ్లకు కమిటీయే రాయడంలో సాయం చేయాలని చెప్పాను. పెద్దావిడ "తేదీలు యాదికుండయి, రాసియ్యి" అంది. బ్యాగులో న్యూయార్క్ నోట్‌బుక్ ఉంటే, వెనక పేజీలు చింపి ఒక్కొక్కరికీ రాసిచ్చాను. మరుసటి సోమవారం పదకొండు గంటలకు కలెక్టరేట్ గేటు దగ్గర కలుద్దామని ఆ అమ్మాయికి చెప్పాను. పదిన్నరకే వచ్చి నిలబడింది, వాళ్లమ్మను కూడా వెంటబెట్టుకుని.